మడత విప్పని కాగితం

2023 వేసవిలో అమ్మకి థైరాయిడ్ గడ్డ ఆపరేషన్ చేయాలన్నారు. గడ్డ బాగా పెరిగి గాలిగొట్టాన్ని ఒక పక్కకి నెడుతోంది. మత్తు డాక్టరు గారు అమ్మని నోరు బాగా తెరవమన్నారు, మెడ వెనక్కి వంచమన్నారు. అంతా చూసి, "ఇంతకుముందు ఏదైనా ఆపరేషన్ జరిగిందా అమ్మా?" అని అడిగారు. జరిగింది. 2011లో గాల్ బ్లాడర్ తీసేశారు. "అప్పుడు మత్తిచ్చాక ఊపిరి కోసం గొంతులో గొట్టం వేయడానికి నానా తిప్పలు పడ్డారంట బాబూ. మర్నాడు ఆ డాక్టరే చెప్పాడు. రెండ్రోజులు నాకు మాట పెగల్లేదు" అంది అమ్మ. ఆయన పెన్ను పక్కన పెట్టి నా వైపు తిరిగారు. "ఆ పాత కేస్ షీటు తెప్పించగలరా? అందులో అనస్థీషియా చార్టు ఒక్కటి దొరికితే చాలు."

మర్నాడు పొద్దున్నే ఆ పాత ఆస్పత్రికి వెళ్ళాను. రికార్డు సెక్షన్ అంతా మారిపోయింది. ఒకప్పుడు నేల నుంచి పైకప్పు దాకా కట్టలుండే గదిలో ఇప్పుడు రెండు కంప్యూటర్లు, ఒక ఏసీ. "పాత ఫైళ్ళన్నీ స్కాన్ చేయించేశాం మేడం, బయట కంపెనీకి ఇచ్చి" అన్నాడు అక్కడి అబ్బాయి. ఐపీ నంబరు, అంటే ఆస్పత్రిలో చేరినప్పుడు ఇచ్చే నంబరు, చెప్పగానే నిమిషాల్లో ఫైలు తీసి పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చాడు. 58 పేజీలు. పన్నెండేళ్ళ నాటి కాగితాలు అంత తేలిగ్గా చేతికొచ్చాయని ఎంత సంతోషించానో చెప్పలేను.

రాత్రి ఇంట్లో తెరిచి చూశాను. 41వ పేజీ అనస్థీషియా చార్టు. ఆ ఆస్పత్రిలో ఆ చార్టు మామూలు కాగితం కంటే పెద్దది, ఫైల్లో ఇమడాలని మధ్యకి మడిచి ట్యాగు వేసేవాళ్ళు. ఆ మడత విప్పకుండానే స్కాన్ చేశారు. పై సగంలో అమ్మ పేరు, వయసు, బరువు, బీపీ చుక్కలు, పల్స్ గీత. కింద అడ్డంగా ఒక నల్లటి నీడ, మడత అంచుది. అక్కడితో సరి. 42వ పేజీ నర్సుల నోట్సు. గొట్టం ఎన్నోసారికి పడింది, ఏ సైజు వేశారు, గొంతులోకి చూసే పరికరానికి ఏ బ్లేడు వాడారు, నోరు తెరిస్తే లోపల ఎంతవరకు కనిపించింది, ఇవన్నీ రాసుండేది కింది సగంలో.

మళ్ళీ పరిగెత్తాను. అసలు కాగితం కావాలన్నాను. "స్కాన్ అయ్యాక కాగితాలు ఉంచలేదు మేడం. కంపెనీ వాళ్ళే ముక్కలు చేయించి తీసుకెళ్ళిపోయారు" అన్నాడు ఆ అబ్బాయి. అతనికి పాపం ఆ సంగతులేవీ తెలియవు, అతను చేరిందే అది జరిగిన తర్వాత.

ఆ మడత ఎలా విప్పకుండా ఉండిపోయిందో మాత్రం నాకు బాగా తెలుసు. ఎందుకంటే అలాంటి బల్ల దగ్గరే నేను మూడేళ్ళు పనిచేశాను. 2006లో హైదరాబాదులో మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్‌తో ఉద్యోగం మొదలుపెట్టాను. అమెరికా డాక్టర్లు చెప్పింది హెడ్‌ఫోన్లలో విని టైపు చేయడం. ఆ పని తగ్గిపోయాక 2014లో ఆస్పత్రుల పాత రికార్డులు స్కాన్ చేసే ఒక చిన్న కంపెనీలో సూపర్‌వైజర్‌గా చేరాను. ఈ వ్యాసం రాయడానికి అమ్మ కేస్ షీటు ఒక కారణమైతే, ఆ మూడేళ్ళు ఇంకో కారణం.

బయటివాళ్ళు స్కానింగ్ అంటే మిషన్ పని అనుకుంటారు. మిషన్ పని అందులో చాలా చిన్న భాగం. కట్ట విప్పాలి, ట్యాగు కోయాలి, స్టేపుల్ పిన్నులు గోటితో లేపి తీయాలి, మూలలు ముడుచుకుపోతే సరిచేయాలి, చిరిగితే టేపు వేయాలి, మడతలు విప్పాలి. దీన్ని మేము ప్రెప్ అనేవాళ్ళం. స్కానర్ నిమిషానికి డెబ్బై ఎనభై కాగితాలు లాగేస్తుంది. ప్రెప్ చేసే చెయ్యి ఆ వేగాన్ని ఎప్పటికీ అందుకోలేదు. ఇంటర్ చదివి వచ్చిన పిల్లలు, పొద్దున తొమ్మిదింటికి కూర్చుంటే సాయంత్రానికి వేళ్ళ కొసలు పిన్నులు గుచ్చుకుని ఎర్రగా కమిలేవి. పాత కాగితాల దుమ్ముకి తుమ్ములు, దగ్గులు.

ఆస్పత్రి కంపెనీకి కట్టేది పేజీ లెక్కన. కంపెనీ పిల్లలకిచ్చేదీ పేజీ లెక్కనే. మడిచిన పెద్ద కాగితం వచ్చిందనుకోండి. దాన్ని విప్పితే స్కానర్‌కి కాగితాలు అందించే ఫీడర్‌లో పట్టదు. లేచి వెళ్ళి పక్కనున్న ఫ్లాట్‌బెడ్ స్కానర్ అద్దం మీద పరిచి, పై సగం ఒకసారి, కింది సగం ఒకసారి తీయాలి. తర్వాత ఆ రెండు బొమ్మల్నీ ఫైల్లో సరైన చోట చేర్చాలి. రెండు మూడు నిమిషాల పని. ఆ సమయంలో ఫీడర్ మీద నూటయాభై కాగితాలు అయిపోతాయి. మడత విప్పినా, విప్పకుండా వేసినా దాదాపు అదే డబ్బు. ఆ పిల్లని ఏమని తప్పుపట్టను? మా అమ్మ చార్టు వేసిన పిల్ల ఎవరో నాకు తెలియదు గానీ, ఆ సాయంత్రానికి తన లెక్క పూర్తికాకపోతే ఏమవుతుందో తెలుసు. నేనే రోజూ సాయంత్రం ఐదింటికి బోర్డు మీద ఆ లెక్కలు రాసేదాన్ని.

ల్యాబు చీటీల సంగతి ఇంకా ఘోరం. పాత కేస్ షీట్లు చూసినవాళ్ళకి గుర్తుంటుంది. ఒక తెల్ల కాగితం మీద రక్తపరీక్ష చీటీలని, ప్రతి చీటీకీ పై అంచుకి మాత్రమే జిగురు రాసి, ఒకదాని మీద ఒకటి కొంచెం కొంచెం జరుపుతూ మెట్లలా అంటించేవారు. వార్డులో అది ఎంత మంచి ఏర్పాటో! డాక్టరు వేలితో ఒక్కో చీటీ ఎత్తుతూ పోతే కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పది రోజుల్లో ఎలా పెరిగిందో ఒక్క చూపులో తెలుస్తుంది. అదే స్కానర్‌లో వేస్తే పై చీటీ పూర్తిగా, మిగతావాటి అంచులు మాత్రం వస్తాయి. ఒక కిడ్నీ రోగి షీటు నాకు ఇప్పటికీ కళ్ళముందు కదులుతుంది. తొమ్మిది చీటీలు. మా పిల్ల తీసిన బొమ్మలో చివరిది ఒక్కటే చదవగలిగేలా ఉంది. ఆ బొమ్మ మాత్రమే చూసిన డాక్టరు ఈ మనిషికి ఒక్కసారే పరీక్ష చేశారనుకుంటాడు. నా కంట పడింది కాబట్టి దాన్ని మళ్ళీ తీయించాను. నా కంట పడనివి ఎన్నో!

రంగు సంగతి కూడా చెప్పాలి. ఫైలు సైజు తగ్గుతుందని చాలా ఒప్పందాల్లో నలుపు తెలుపు స్కానింగే అడుగుతారు. మా దగ్గరికి వచ్చిన కేస్ షీట్లలో నైట్ డ్యూటీ నర్సులు ఎర్ర సిరాతో రాసేవారు. మందు పడదన్న సంగతి మొదటి పేజీ మీద ఎర్రగా, పెద్దగా రాసి చుట్టూ గీత గీసేవారు. నలుపు తెలుపులో ఆ ఎరుపు మిగతా రాతలో కలిసిపోతుంది. లేత సిరా అయితే అసలే మాయమవుతుంది. ఇంకొకటి, ఖాళీ పేజీలని దానంతటదే తీసేసే సాఫ్ట్‌వేర్. పేజీ మీద ఒకే ఒక్క లైను, అదీ పెన్సిల్‌తో ఉంటే, దాని లెక్కలో అది ఖాళీ పేజీ. అర్ధరాత్రి రెండున్నరకి డాక్టరుకి ఫోన్ చేశామని నర్సు రాసుకున్న ఒక్క లైను రేపు ఎవరి ప్రాణానికో, ఎవరి ఉద్యోగానికో సాక్ష్యం కావచ్చు. ఈసీజీ కాగితాలైతే అసలు ఆగకుండా ముందే స్కాన్ చేయాలి. ఆ థర్మల్ కాగితం మీది గీతలు కొన్నేళ్ళకి వాటంతటవే వెలిసిపోతాయి.

ఇదంతా చదివి నేను స్కానింగే వద్దంటున్నానని అనుకోవద్దు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు మా పిన్ని వాళ్ళ ఇల్లు కూడా మునిగింది. నీళ్ళు తగ్గాక వెళ్ళాను. బాబాయికి డయాలసిస్ నడుస్తోంది. ఆయన ఫైలు మంచం కింద ట్రంకుపెట్టెలో ఉండేది. తెరిస్తే బురద ముద్ద. పెన్నుతో రాసిన చీటీలన్నీ నీలం మరకలైపోయాయి. కడిగి ఆరేస్తే ఎక్స్‌రే ఫిల్ములు మాత్రం బతికాయి. ఆయన డయాలసిస్ చేయించుకునే చోట రికార్డంతా కంప్యూటర్లో ఉంది కాబట్టి గంటలో మొత్తం ప్రింటు తీసి చేతిలో పెట్టారు. ఆ రోజు పిన్ని ఆ కాగితాలని గుండెకి హత్తుకుని ఏడ్చింది. కాగితానికి చెదలు, ఎలుకలు, వాన, వరద, అన్నీ గండాలే. కాబట్టి స్కాన్ చేయాల్సిందే. పెద్ద ఆస్పత్రి రికార్డు రూములో ఇద్దరు క్లర్కులు, లక్షల పేజీలు ఉంటే వాళ్ళ వల్ల అయ్యే పని కూడా కాదు. బయటి కంపెనీకి ఇవ్వక తప్పదు, అదీ ఒప్పుకుంటాను.

నేను ఒప్పుకోలేనిది ఒక్కటే. పని అప్పగించిన రోజే ఆస్పత్రి ఆ కాగితాలతో తన సంబంధం తీరిపోయిందనుకోవడం. అనస్థీషియా చార్టుకి కింది సగం ఉంటుందని ఎవరికి తెలుసు? రికార్డు రూములో పాతికేళ్ళు పనిచేసిన క్లర్కుకి తెలుసు. వార్డు సిస్టర్‌కి తెలుసు. మా బల్ల దగ్గర కూర్చున్న పద్దెనిమిదేళ్ళ పిల్లకి అది మడిచిన పెద్ద కాగితం, అంతే. ఆ తెలిసిన మనిషి కళ్ళతో చూసి "సరే" అనేదాకా ఒక్క కాగితం కూడా ముక్కలు కాకూడదు. నా వాదన మొత్తం ఇదే.

మేము పనిచేసిన ఆస్పత్రుల్లో ఈ చూడటం ఎలా జరిగేదో చెబుతాను. నెలాఖరుకి మేమే ఒక హార్డ్‌డిస్కు, ఒక ఎక్సెల్ షీటు ఇచ్చేవాళ్ళం. ఇన్ని పెట్టెలు, ఇన్ని ఫైళ్ళు, ఇన్ని పేజీలు. ఆఫీసులో ఎవరో ఒకరు మొత్తం చూసి సంతకం పెట్టేవారు. సంతకం పెట్టే మనిషి ఒక్క ఫైలు తెరిచి, కాగితం ఒక పక్క, కంప్యూటర్ ఒక పక్క పెట్టుకుని చూడటం ఆ మూడేళ్ళలో నేను ఒక్కచోటే చూశాను. అది ఒక మిషనరీ ఆస్పత్రి. అక్కడి రికార్డు ఆఫీసర్ రోజూ మధ్యాహ్నం భోజనం అయ్యాక మా గదికి వచ్చి, తనకి తోచిన పెట్టెలోంచి నాలుగు ఫైళ్ళు లాగి, పేజీ పేజీ సరిచూసేవారు. తప్పు దొరికితే ఆ పెట్టె మొత్తం మళ్ళీ చేయించేవారు. మాకు ఆవిడంటే హడల్. ఆ ఆస్పత్రి పనిలో మా పిల్లలు మడత విప్పకుండా ఒక్క కాగితమూ వేయలేదు. రేటు అదే, పిల్లలూ వాళ్ళే.

ఆవిడ ఇంకో షరతు కూడా పెట్టారు. పెట్టెలు గేటు దాటకూడదు. స్కానర్లు మీరే తెచ్చుకుని మా దగ్గరే చేయండి అన్నారు. మిగతా చోట్ల పెట్టెలు ట్రాలీ ఆటోలో మా గోడౌన్‌కి వచ్చేవి. వాటిని తిరిగి పంపేసరికి రెండు నెలలు, ఒక్కోసారి మూడు. ఆ మధ్యలో ఆ రోగి ఏ అర్ధరాత్రో మళ్ళీ ఎమర్జెన్సీలో చేరితే? అలాంటి ఫోన్లు మాకు వచ్చేవి. గోడౌన్‌కి తాళం వేసుంటే, తాళం చెవి ఉన్న మనిషి ఉప్పల్లో ఉంటే, ఊళ్ళో ఆస్పత్రిలో డాక్టరు ఏమీ తెలియకుండానే వైద్యం మొదలుపెట్టాల్సి వచ్చేది.

స్కాన్ ఎంత చక్కగా వచ్చినా పేరు తప్పు కొడితే ఆ ఫైలు లేనట్టే. మన పేర్ల సంగతి తెలిసిందే కదా. లక్ష్మి అన్న పేరుకి ఇంగ్లీషులో రెండు మూడు స్పెల్లింగులు. ఒకచోట ఇంటిపేరు ముందు, ఒకచోట వెనక, ఒకచోట అసలుండదు. పెళ్ళికి ముందు తండ్రి పేరు, తర్వాత భర్త పేరు. ఒకే మండలం నుంచి ఒకే పేరు, ఒకే వయసు ఉన్న ఇద్దరు నాగమణులు ఒకే వారంలో కాన్పుకి వచ్చిన ఫైళ్ళు నా చేతుల మీదుగా వెళ్ళాయి. వయసంటారా, అడ్మిషన్‌కో వయసు. ఇక మిగిలేది ఐపీ నంబరు, అదీ చేతిరాత. ఒకటికీ ఏడుకీ తేడా తెలియని చేతిరాత. కాగితం రోజుల్లో ఫైలు తప్పు చోట పెడితే పక్క అరలోనో కింది అరలోనో ఉండేది, క్లర్కు వెతికి పట్టుకునేవాడు. కంప్యూటర్లో అంకె తప్పు పడితే వెతకడానికి పక్క అర అంటూ ఉండదు. అందుకే ఇద్దరు మనుషులు విడివిడిగా టైపు చేసి, రెండూ కలిస్తేనే ముందుకు పంపే పద్ధతి ఉంది. దానికి ఖర్చు రెట్టింపు. ఖర్చు తగ్గించమని ఒత్తిడి వచ్చినప్పుడల్లా మొదట ఎగిరిపోయేది ఇదే.

ఇప్పుడు నన్ను అన్నిటికంటే బాధపెట్టే విషయం. ట్రాన్స్‌క్రిప్షన్ కంపెనీలో చేరిన మొదటిరోజే మాకు హిపా గురించి క్లాసు తీసుకున్నారు. అది 1996లో అమెరికా చేసిన చట్టం, రోగి సమాచారం ఎలా కాపాడాలో చెప్పేది. మేము పనిచేసే హాల్లోకి ఫోన్లు రానిచ్చేవాళ్ళు కాదు. బ్యాగు బయట లాకర్లో. బల్ల మీద పెన్ను, తెల్లకాగితం కూడా ఉండకూడదు. ఒహాయోలో ఎవరో ముసలాయన మోకాలి నొప్పి గురించి హైదరాబాదులో నేను రాసుకుపోకూడదని అంత జాగ్రత్త. అది న్యాయమే. తర్వాత 2009లో అక్కడ ఇంకో చట్టం తెచ్చి, ఆస్పత్రి దగ్గర పని తీసుకున్న బయటి కంపెనీ కూడా నేరుగా శిక్షకి బాధ్యత వహించేలా చేశారు.

అదే ఊళ్ళో, ఎనిమిదేళ్ళ తర్వాత, మన మనుషుల కేస్ షీట్లు స్కాన్ చేసే గదిలో అందరి జేబుల్లోనూ ఫోన్లే. హెచ్ఐవీ రిపోర్టులు, అబార్షన్ కాగితాలు, మానసిక వైద్యం ఫైళ్ళు, పురుగుమందు తాగిన అమ్మాయిల ఎమ్మెల్సీ (మెడికో-లీగల్ కేసు) షీట్లు, అన్నీ బల్లల మీద పరుచుకుని ఉండేవి. ఒకరోజు ఒక కుర్రాడు ఉన్నట్టుండి పని ఆపేసి బయటికి వెళ్ళిపోయాడు. వెళ్ళి చూస్తే మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. వాళ్ళ ఊరి పేరు కనిపిస్తే కుతూహలంతో చదివాడట. వాళ్ళ వీధిలో మనిషి ఫైలు. "నేనిది ఎవరికీ చెప్పను మేడం, కానీ రేపు ఆయన ఎదురైతే ఎలా చూడాలి?" అన్నాడు. వాడు మంచివాడు కాబట్టి అంత నలిగిపోయాడు. అందరూ వాడిలాంటి వాళ్ళే వస్తారని నమ్మి లక్షల మంది గుట్టు పెట్టెల్లో కట్టి పంపేస్తామా? ఆ మర్నాటి నుంచి ఫోన్లు గుమ్మం దగ్గర బుట్టలో పెట్టించాను. అప్పటిదాకా నాకూ ఆ పని చేయాలని తట్టలేదు.

మన దగ్గరా చట్టాలున్నాయి. హెచ్ఐవీ ఉన్నవారి వివరాలు కాపాడాలని 2017లో చేసిన చట్టం ఉంది. మానసిక వైద్యం వివరాల గోప్యత గురించి కూడా అదే ఏడాది చట్టం వచ్చింది. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చేశారు. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, అసలు బాధ్యతల అమలుకి 18 నెలల గడువు ఇచ్చారు. ఆ చట్టంలో ఒక మాట ప్రతి ఆస్పత్రి మేనేజ్‌మెంటూ గోడకి అంటించుకోవాలి. పనిని ఎవరికి అప్పగించినా, ఒప్పందంలో ఏం రాసుకున్నా, డేటాకి జవాబుదారీ దాన్ని సేకరించిన సంస్థదే. తగిన రక్షణ లేక డేటా బయటికి పొక్కితే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండొచ్చు. కానీ ఈ జరిమానా అనగానే అందరికీ గుర్తొచ్చేది డేటా బయటికి పోవడమే. మా అమ్మ చార్టులో పోయిన కింది సగం ఎవరి చేతికీ చిక్కలేదు. ఉన్నచోటే లేకుండా పోయింది. ఆ నష్టాన్ని పట్టించుకునే మనిషి ఆస్పత్రిలోనే ఉండాలి.

మూడేళ్ళు దాటిన ఇన్‌పేషెంట్ రికార్డులు ఉంచాల్సిన పని లేదు కదా అని కొందరంటారు. మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనల్లో ఉన్నది మూడేళ్ళే, నిజమే. కానీ ఒకసారి గొట్టం పడని గొంతు పన్నెండేళ్ళ తర్వాతా అలాగే ఉండొచ్చు. మొదటి సిజేరియన్‌లో ఏం జరిగిందో రెండో కాన్పులో కావాలి, అది ఐదేళ్ళ తర్వాత రావచ్చు. డబ్బు తక్కువగా ఉంటే గదిలో ఉన్నదంతా ఒక్కసారి ఫీడర్‌లో పోయనక్కర్లేదు. పాత రోగి మళ్ళీ వచ్చినప్పుడు ఆ ఫైలు దించి, తీరిగ్గా, మడతలు విప్పి స్కాన్ చేయొచ్చు. కిడ్నీ, గుండె, క్యాన్సర్, కాన్పు ఫైళ్ళని ముందు చేయొచ్చు. 2021 సెప్టెంబరులో దేశమంతటా మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద ఇప్పుడు మనలో చాలామందికి 14 అంకెల ఆభా నంబర్లు, అంటే ఆరోగ్య ఖాతా నంబర్లు, వచ్చాయి. ఆ నంబరుకి రేపు పాత ఫైళ్ళు కూడా కలుస్తాయి. సగం చార్టు కలిస్తే, ఏ ఊళ్ళో ఏ డాక్టరు తెరిచినా ఆ సగమే కనిపిస్తుంది.

కాంట్రాక్టు కూడా మార్చాలి. పేజీకి ఇంత అని కాకుండా, సరిచూసి ఒప్పుకున్న ఫైలుకి ఇంత అని కట్టండి. మడతలకి, అంటించిన చీటీలకి విడిగా రేటు పెట్టండి. అప్పుడు మా బల్ల దగ్గర పిల్లే ముందుగా చీటీ ఎత్తి చూస్తుంది.

అమ్మ ఆపరేషన్ చివరికి విజయవాడలో జరిగింది. పాత చార్టు లేదు కాబట్టి డాక్టరు గారు ఏ రిస్కూ తీసుకోదలచుకోలేదు. సన్నటి కెమెరా గొట్టం ఉన్న చోటికి పంపారు. అమ్మ మెలకువగా ఉండగానే గొంతు మొద్దుబార్చి, కెమెరాలో దారి చూసుకుంటూ గొట్టం వేశారు. రెండు వారాలు ఆలస్యం, ఖర్చు, ఇంటిల్లిపాదికీ టెన్షన్. అమ్మ మాత్రం బాగానే బయటపడింది. అమ్మకి పన్నెండేళ్ళ నాటి మాట గుర్తుండబట్టి సరిపోయింది. గుర్తులేని తల్లులు ఎంతమంది ఉంటారో!

డిశ్చార్జి రోజు మొత్తం కేస్ షీటు కాపీ కావాలని అర్జీ రాసిచ్చాను. అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని అదే 2002 నిబంధనల్లో ఉంది. రెండోరోజు రికార్డు సెక్షన్‌కి వెళ్ళాను. కౌంటర్లో రిటైర్‌మెంటుకి దగ్గరపడ్డ పెద్దాయన. "డిశ్చార్జి సమ్మరీ సరిపోదా అమ్మా?" అన్నారు. మొత్తం కావాలన్నాను. ఆయన ట్యాగు విప్పి ఒక్కో కాగితం జిరాక్స్ మిషన్ మీద పెడుతూ వచ్చారు. మధ్యలో మడిచిన పెద్ద కాగితం వచ్చింది. నేను నోరు తెరిచే లోపే ఆయన దాన్ని విప్పి, బల్ల మీద పరిచి, అరచేత్తో మడత సాపు చేశారు. పై సగం ఒకసారి తీశారు, తిప్పి కింది సగం ఒకసారి తీశారు. రెండు కాపీలనీ అంచులు కలిపి సెల్లోటేపు వేశారు.

"మత్తు డాక్టర్లు మళ్ళీ అడిగేది ఇదేనమ్మా" అని నా చేతికిచ్చారు.